సంక్రాంతికి మా చేలు పచ్చగా ఉండేవి

సంక్రాంతి అంటే పంటల పండగ, కొత్త ధాన్యం ఇంటికొచ్చే వేళ అని ప్రతి జనవరిలో టీవీల్లో, పేపర్లలో, వాట్సాప్‌లో చెబుతూనే ఉంటారు. గోదావరి జిల్లాల్లో అది నిజమే. నెల్లూరు జిల్లాలో, పెన్నా కింద మాగాణి ఊళ్లలో పుట్టిన నాలాంటి వాళ్లకి మాత్రం ఆ మాట మన గురించి కాదనిపిస్తుంది. ఎందుకంటే సంక్రాంతి నాటికి మా వరి ఇంకా పచ్చగా ఉంటుంది, కలుపుతీతలు నడుస్తుంటాయి, కంకి పుట్టడానికి ఇంకా చాలా టైముంటుంది.

మాకు వానలిచ్చేది ఈశాన్య రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పెన్నా మీది సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదిలి, సంగం ఆనకట్ట దగ్గర కాలవలోకి మళ్లి, కనిగిరి రిజర్వాయరుకి చేరి, అక్కడినుంచి మా కోవూరు వైపు పిల్ల కాలవల్లోకి వచ్చేసరికి నార్లు పోసుకునే రోజులు. నాట్లు పడేసరికి కార్తీకం దాటిపోయేది. కోతలు మార్చిలోనో ఏప్రిల్లోనో. అంటే మాకు కొత్త బియ్యం ఉగాదికి, శ్రీరామనవమికి. కొత్త బెల్లం, కొత్త చింతపండు, వేపపువ్వు, మామిడి పిందెలతో పాటు కొత్త వడ్లు కూడా అప్పుడే వాకిట్లోకి వచ్చేవి.

స్కూల్లో సంక్రాంతి మీద వ్యాసం రాయమంటే అందరం "రైతుల ఇళ్లు ధాన్యరాశులతో కళకళలాడును" అని రాసేవాళ్లం. ఒకసారి మా అవ్వని అడిగాను, మన పంట ఇంకా రాలేదు గదా అవ్వా, మరి పండగ ఏందని. అరిసెల పిండి దంచుతా ఉండింది. "ఈ పండగ పెద్దోళ్లకీ పశువులకీ అమ్మణ్ణీ. పోయినోళ్లకి బట్టలు పెట్టుకుంటాం, ఎద్దులకి పసుపు రాస్తాం. పంటకి చేసేది కళ్లంలో చేస్తాం గదా" అనింది. దానికేదో పెద్ద వివరం కావాలన్నట్టు కూడా తనకి అనిపించలేదు.

ఆ కళ్లం గురించే ఇదంతా రాయాలనిపిస్తోంది, ఎందుకంటే నాకు తెలిసిన మొదటి పంట పండగ అదే, దానికి కేలెండర్లో తేదీ లేదు, సెలవు లేదు, కొత్త బట్టలు లేవు.

కోత మొదలవకముందే కళ్లం తయారుచేసేవాళ్లు. నేల చెక్కి, నీళ్లు చల్లి, గట్టిపడేదాకా కొట్టి, పేడతో అలికేవాళ్లు, చెప్పులేసుకుని దాని మీదికి పోతే అవ్వ ఊరుకునేది కాదు. కోసిన పనలు రెండు మూడు రోజులు చేలోనే ఆరేవి, తర్వాత కట్టలు కట్టి నెత్తిన పెట్టుకుని గట్ల మీద వరసగా నడుచుకుంటూ వచ్చేవాళ్లు, కట్ట నెత్తిమీదుంటే మనిషి మొహం కనపడదు, నడకని బట్టి ఎవరో చెప్పేదాన్ని. నూర్పిడికి ఎద్దుల బంతి కట్టడం నేను బాగా చిన్నప్పుడు చూశాను, తర్వాత్తర్వాత ట్రాక్టరుతో తొక్కించేవాళ్లు. తూర్పార పట్టడానికి మాత్రం గాలి కావాలి. మాకు సముద్రం దగ్గర కాబట్టి మధ్యాహ్నం తిరిగాక తూర్పు గాలి లేస్తుంది, అప్పటిదాకా అందరూ చేటలు పక్కన పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు. గాలి లేవగానే ఎవరో ఒకరు అరిచేవాళ్లు, అంతే, మళ్లీ చీకటిపడేదాకా ఆగేది లేదు. తాలు ఎగిరి మా జుట్టునిండా, ఒంటినిండా పడి దురద. అయినా అక్కడినుంచి ఇంటికి రమ్మంటే వచ్చేవాళ్లం కాదు. రాత్రి నాయన కాపలా పడుకుంటే నేనూ తమ్ముడూ గడ్డి మీద దుప్పటి పరుచుకుని పక్కనే పడుకునేవాళ్లం.

రాశి పోశాక దాని చుట్టూ బూడిదతో గీత గీసేవాళ్లు. రాశి మీద పేడముద్ద పెట్టి గరిక గుచ్చి, టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించేవాళ్లు. ఇక కొలత మొదలైతే మాటలుండకూడదు. కొలిచే ఆయన తూర్పు మొహంగా కూర్చుని కుంచం నింపి, మొదటిదాన్ని "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అలా గొంతులో ఒక రాగంతో పోతుంది లెక్క. ఆ లాభం కుంచం మనది కాదు. అది పోలేరమ్మ గుడికి. ఆ తర్వాత మేరలు.

మేర అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. ఏడాది పొడుగునా ఊళ్లో మనకి పనిచేసి అప్పటికప్పుడు డబ్బులు తీసుకోని వాళ్లందరికీ కళ్లంలో గింజలు కొలిచి ఇవ్వడం. నాగలి చెక్కిన వడ్రంగికి, కొడవళ్లకి కక్కులు కొట్టిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, బట్టలుతికేవాళ్లకి, క్షవరం చేసేవాళ్లకి, కాలవ తూముల దగ్గర రాత్రుళ్లు మేలుకుని ఏ చేనుకి ఎంత నీరో పంచే మనిషికి. ఆ నీళ్లాయన వస్తే మా నాయన లేచి నిలబడేవాడు, అది నాకు బాగా గుర్తు. పంట ఎంతొచ్చినా, ఎంత తక్కువొచ్చినా, మేరలు ఇచ్చాకే మా ఇంటి పుట్లు లెక్కేసేవాళ్లు. మా వైపు వడ్లు ఇప్పటికీ పుట్లలోనే మాట్లాడుకుంటాం, పుట్టి అంటే 850 కిలోలు.

ఇదంతా బంగారు కాలం అని చెప్పడం నా ఉద్దేశం కాదు. వంగి వంగి వరి కోసినవాళ్లకి కూలి కూడా గింజల్లోనే, వాళ్లది చివరి వరస, గీతకి అవతల గోనెసంచి పట్టుకుని నిలబడేవాళ్లు. కొలిచే చెయ్యి వాళ్ల దగ్గరికొచ్చేసరికి కుంచం మీద గోపురం తగ్గేది, అది పిల్లలకి కూడా కనపడేది. కోసిన చేలో రాలిన కంకులు ఏరుకోవడానికి కాలనీ నుంచి ముసలమ్మలు, పిల్లలు వచ్చేవాళ్లు, పరిగె అంటారు దాన్ని. కొందరు రైతులు వాళ్లని అదిలించేవాళ్లు. మా అవ్వ మాత్రం కోసేవాళ్లకి ముందే చెప్పేది, మరీ అంత శుభ్రంగా ఏరబాకండి, వాళ్లకి కూడా ఉండాల గదా అని.

ఆఖరి రోజు కళ్లంలోనే భోజనాలు. పెద్ద మట్టి దాకలో ముందురోజు రాత్రే చేసిపెట్టిన చేపల పులుసు, అందులో అప్పుడప్పుడే వస్తున్న పుల్ల మామిడికాయ ముక్కలు. దానికి అన్నం మాత్రం పాత బియ్యందే. కొత్త బియ్యం ముద్దకడుతుంది, కడుపులో మందంగా ఉంటుందని మా వైపు నిల్వ బియ్యం తప్ప తినరు. కొత్త వడ్లు కాసిని ఆడించి పొంగలి మాత్రం వండేవాళ్లు, నెయ్యి వేసి ఆకులో ఒక ముద్ద, అది అందరికీ, నీళ్లాయన నుంచి పరిగె ఏరుకునే పిల్లల దాకా. ఆ పిల్లల్లో ఒకమ్మాయి నాతో పాటే ఐదో క్లాసు చదివేది.

ఆ అమ్మాయే నన్ను మొదటిసారి చర్చిలో కోత పండగకి తీసుకుపోయింది. మా కోతలు అయిపోయాక ఒక ఆదివారం, కాలనీలో చిన్న బాప్టిస్టు చర్చి, లోపలంతా మామిడాకులు, వరి కంకుల కుచ్చులు, కిటికీల్లో గుమ్మడికాయలు. ఒక్కొక్కరు తెచ్చినవి ముందు పెడుతున్నారు, ఒకామె చేటలో వడ్లు, ఒకాయన సొరకాయ, ఇంకొకామె కొంగులో ఆరు గుడ్లు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు ఒకటి మధ్య మధ్యలో పాటకి అడ్డొస్తా ఉంది. తర్వాత వాటికి వేలం. ఆ వేలం నాకెంత నచ్చిందో చెప్పలేను. కోడిని పాడుకున్నాయన డబ్బులు కట్టి కోడిని మళ్లీ అక్కడే పెట్టేశాడు, ఇంకొకాయన పాడుకున్నాడు, ఆయనా మళ్లీ ఇచ్చేశాడు, అలా ఆ ఒక్క పుంజు నాలుగైదు చేతులు మారింది. పాస్టరుగారు లేవీయకాండంలోంచి చదివారు, పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయకండి, పరిగె ఏరుకోకండి, వాటిని బీదలకీ పరదేశులకీ విడిచిపెట్టండి అని. ఇంటికొచ్చి అవ్వకి చెప్తే ఆశ్చర్యపోలేదు. మంచి మాట ఎవరు చెప్తే ఏముంది అనింది.

ఆ కోత పండగ మా ఊరికి ఎక్కడినుంచి వచ్చిందో చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. అమెరికా బాప్టిస్టులు 1840లో నెల్లూరు వచ్చి మిషన్ పెట్టారు. చాలాకాలం తెలుగు నేలలో వాళ్లకున్న ఒకే ఒక్క కేంద్రం కాబట్టి దానికి లోన్ స్టార్ మిషన్, అంటే ఒంటరి చుక్క మిషన్ అని పేరొచ్చింది. తర్వాత 1866లో అదే మిషన్‌కి చెందిన జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తిన్న కరువు, మా పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది, అప్పుడు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. కరువు తర్వాత 1878 జులైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చర్చిని పంటతో అలంకరించి కృతజ్ఞత చెప్పుకునే పద్ధతి మాత్రం ఇంగ్లండువాళ్లది, కార్న్‌వాల్‌లో మోర్వెన్‌స్టో అనే పల్లెలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే ఫాదర్ 1843లో మొదలుపెట్టాడంటారు. అక్కడ గోధుమ కంకులు, ఇక్కడ మా మొలగొలుకుల వరి కంకులు.

ధాత కరువు కబుర్లు మా అవ్వకి వాళ్ల అవ్వ చెప్పినవి. గింజ కోసం చీమల పుట్టలు తవ్వుకున్నారట. అందుకే కాబోలు, ఆఫ్రికాలోని ఘనా దేశంలో 'గా' అనే జాతివాళ్లు చేసుకునే హోమోవో పండగ గురించి చదివినప్పుడు చాలాసేపు వేరే పని చేసుకోలేకపోయాను. హోమోవో అంటే ఆకలిని వెక్కిరించే పండగ. ఎప్పుడో వాళ్ల పూర్వీకులు పెద్ద కరువు దాటి పంట పండించుకున్నారట, దానికి గుర్తుగా విత్తనం వేశాక కొన్ని వారాలు అక్రా నగరంలో డప్పులు కొట్టరు, గోల చేయరు, పంట చేతికొచ్చాక మొక్కజొన్న పిండితో పోపోయి అనే వంట చేసి, దాన్ని ముందు వీధుల్లో పూర్వీకుల కోసం చల్లి, ఆ తర్వాత తింటారు. మా దగ్గర కూడా కొత్త పొంగలి ముందు ముద్ద నాయన కళ్లం నాలుగు మూలలా వేసేవాడు, ఎవరికని మేం అడగలేదు.

పెళ్లయ్యాక కందుకూరు దగ్గర పల్లెకి కోడలిగా పోయాను. అప్పట్లో అది ప్రకాశం జిల్లా. అదంతా మెట్ట. కాలవ లేదు, వాన మీదే బతుకు. జొన్న, సజ్జ, కంది, మిరప. అక్కడ సంక్రాంతికి కందులు ఇంటికొస్తాయి కాబట్టి, పండక్కి పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని మంచాల మీద కూర్చుని తినడం మా అత్తగారింట్లోనే మొదటిసారి చూశాను. కనుమనాడు మామయ్య ఎద్దుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, మువ్వల పట్టీలు కట్టి, వాటికి పెట్టాకే తను ఏదైనా నోట్లో వేసుకునేవాడు. ఒంగోలు జాతి కోడె ఒకటుండేది, తెల్లగా, ఎత్తు మూపురంతో. దాని బంధువులు ఇప్పుడు బ్రెజిల్ నిండా ఉన్నాయని, అక్కడ ఆ జాతిని మన ఊరి పేరుతోనే నెలోర్ అంటారని చెప్తే మామయ్య నమ్మలేదు. నిజమే, మన తీరం నుంచి ఓడల్లో వెళ్లిన ఒంగోలు పశువుల సంతతే బ్రెజిల్ పశుసంపదలో పెద్ద భాగం ఇప్పుడు. అయితే అక్కడ వాటిని మాంసం కోసం పెంచుతారని మాత్రం ఆయనకి నేను చెప్పలేదు, చెప్పాలనిపించలేదు.

తర్వాత శ్రీసిటీలో ఒక కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం. సూళ్లూరుపేటలో ఇల్లు తీసుకుని బస్సులో తిరిగేదాన్ని. తడ దగ్గర ఉప్పునీళ్ల వాసన తగిలే ఆ చోటికి కొరియా నుంచీ జపాన్ నుంచీ మనుషులొచ్చి పనిచేస్తున్నారంటే మొదట్లో వింతగా ఉండేది. మా సెక్షన్ చూసే కొరియా సార్ ఒక సెప్టెంబరులో చిన్న అట్టపెట్టెలో బియ్యప్పిండి వంటకం తెచ్చి అందరికీ తలొకటి ఇచ్చారు. మన కజ్జికాయని చేతివేలంత చేసి ఆవిరి మీద ఉడికించినట్టుంటుంది, లోపల నువ్వులూ తియ్యదనం. సోంగ్‌ప్యోన్ అట. పైన్ చెట్టు ఆకులు పరిచి వాటిమీద ఉడికిస్తారు కాబట్టి ఆ వాసన పట్టేస్తుంది, ఇక్కడ ఆ ఆకులెక్కడివి, అందుకే వాసన లేదు సారీ అన్నారాయన. అది చుసోక్ పండగ, చాంద్రమానంలో ఎనిమిదో నెల పౌర్ణమి. కొత్త బియ్యంతో వండి ముందు చనిపోయిన పెద్దలకి పెడతారు, సమాధుల దగ్గరికి పోయి గడ్డి కోసి శుభ్రం చేస్తారు, దేశమంతా సొంతూళ్లకి బయల్దేరుతుంది, రోడ్లు గంటలు గంటలు కదలవు. మేం కూడా సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతాం, కొత్త చీర పళ్లెంలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే ఎవరైనా కట్టుకుంటారు అని చెప్పాను. ఆయనకి వెంటనే అర్థమైంది, వాళ్లమ్మ ఫోటో ఫోన్లో తీసి చూపించారు. ఆ ఏడు జనవరిలో మా అత్త చేసిన అరిసెలు, మణుగుబూలు ఆయనకి ఒక డబ్బా ఇచ్చాను.

పక్క కంపెనీలో పనిచేసే జపాన్ ఆయన దగ్గర విన్నది ఇంకోటి. నవంబరు 23 వాళ్లకి సెలవు, పనిచేసేవాళ్లందరికీ కృతజ్ఞత చెప్పే రోజు, 1948 చట్టంతో వచ్చింది. కానీ అదే తేదీన అంతకుముందు నుంచే చక్రవర్తి కొత్త బియ్యాన్ని దేవతలకి నైవేద్యం పెట్టి తనూ ఆరగించే నీనామేసాయ్ అనే క్రతువు ఉంది. రాజభవనం ఆవరణలో చక్రవర్తి స్వయంగా వరి నాటి, కోస్తారట. కోసేవాళ్లకీ పనిచేసేవాళ్లకీ ఒక రోజు పెట్టడం, అదీ కొత్త బియ్యం రోజునే పెట్టడం, నాకు చాలా నచ్చింది.

ఇక అమెరికా. అమెరికా సంగతి చెప్పాలంటే ముందు రొట్టె సంగతి చెప్పాలి. నెల్లూరులో బారాషహీద్ దర్గా, పక్కన స్వర్ణాల చెరువు, మొహర్రంలో రొట్టెల పండగ. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో దిగి నిలబడతారు. మనకేం కావాలో ఆ రొట్టె తీసుకోవాలి, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె. ఇచ్చేది ఎవరంటే, అదే కోరికతో అంతకుముందు వచ్చి రొట్టె తీసుకుని, అది తీరినవాళ్లు. కోరిక తీరాక మళ్లీ రావాలి, అదే రొట్టె చేసి తెచ్చి, ఇప్పుడు ఆ అవసరంలో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి ఇవ్వాలి. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఎవరు ఎవరికిస్తున్నారో ఎవరూ అడగరు. "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని ఒకరు అరుస్తుంటే నలుగురు చేతులు చాపుతారు. ప్రపంచంలో కృతజ్ఞత పండగలు ఎన్ని ఉన్నా, థాంక్స్ చెప్పాల్సింది దేవుడికైనా ఇవ్వాల్సింది నీ వెనకాల లైన్లో ఉన్నవాడికి అని ఇంత స్పష్టంగా పెట్టుకున్న పండగ ఇంకొకటి నాకు తెలియదు.

తమ్ముడి కోసం అమ్మ విదేశాల రొట్టె తీసుకుంది. వాడికి వీసా వచ్చింది. మరుసటేడు అమ్మ పొద్దున్నే లేచి గోధుమపిండి కలిపి రొట్టెలు చేసుకుని, నన్ను వెంటబెట్టుకుని చెరువుకి పోయింది. ఎవరికివ్వాలా అని చాలాసేపు చూసింది. చివరికి ఒక బుర్ఖా వేసుకున్న పెద్దామెకి ఇచ్చింది, వాళ్లబ్బాయి దుబాయ్ పోవాలట. ఇద్దరూ నీళ్లలో నిలబడి పిల్లల గురించి అరగంట మాట్లాడుకున్నారు.

తమ్ముడు డాలస్ దగ్గర ఉంటాడు. వాడి కూతురు పుట్టినప్పుడు అమ్మా నేనూ పోయాం, నవంబరు నెల, నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. పక్కింటి పెద్దాయన, ఆయన భార్య మమ్మల్నందరినీ భోజనానికి పిలిచారు. పెద్ద టర్కీ కోడి, క్రాన్‌బెర్రీ పచ్చడి, గుమ్మడికాయతో చేసిన పై, మొక్కజొన్న రొట్టె. అమ్మ తినేవి ఏవో కనుక్కుని విడిగా చిలగడదుంపలు వండిపెట్టారు, అంత శ్రద్ధ. తినబోయేముందు బల్ల చుట్టూ ఒక్కొక్కరూ ఈ ఏడాది దేనికి కృతజ్ఞతగా ఉన్నారో చెప్పాలి. ఉద్యోగం నిలబడినందుకు, ఆపరేషన్ బాగా జరిగినందుకు, అలా చెప్తున్నారు. అమ్మ వంతొచ్చింది. తెలుగులో చెప్పింది, తమ్ముడు తిప్పి చెప్పాడు. మా కాలవ మీద రాత్రుళ్లు నీళ్లు పంచిన మనిషికి, కోసినవాళ్లకి, మోసినవాళ్లకి, రొట్టె ఇచ్చిన తల్లికి, అని ఒక్కొక్కళ్లనీ చెప్పుకుంటూ పోయింది. కళ్లంలో మేరల వరసే అది, ఒక్కరిని కూడా వదలకుండా. తమ్ముడికి మధ్యలో గొంతు పట్టేసింది.

ఆ రోజు ఎలా వచ్చిందో తర్వాత చదివాను. 1620లో మేఫ్లవర్ ఓడలో ప్లిమత్‌కి చేరిన 102 మందిలో సగం మంది మొదటి చలికాలానికే పోయారు. మిగిలినవాళ్లకి మొక్కజొన్న ఎలా వేయాలో, మన్నులో చేపలు పాతి సత్తువ ఎలా చేయాలో నేర్పింది తిస్క్వాంటమ్ అనే స్థానికుడు. 1621లో పంట వచ్చాక మూడు రోజులు విందు చేసుకున్నారు, వాంపనోగ్ జాతి పెద్ద మాససోయిట్ సుమారు 90 మందితో వచ్చాడు, వాళ్లు ఐదు జింకల్ని తెచ్చిచ్చారు. అంటే ఆ విందులో ఓడలో వచ్చినవాళ్ల కంటే స్థానికులే ఎక్కువ, వాళ్లు ఉత్త చేతుల్తో కూడా రాలేదు. దాన్ని దేశం మొత్తానికి పండగ చేయమని సారా జోసెఫా హేల్ అనే ఆమె ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తే, అంతర్యుద్ధం మధ్యలో 1863లో లింకన్ ప్రకటించాడు. నాలుగో గురువారం అని చట్టం చేసింది 1941లో. మరి ఆ వాంపనోగ్ వాళ్ల సంగతి? వాళ్ల నేల వాళ్లకి మిగల్లేదు. 1970 నుంచి అదే గురువారం ప్లిమత్‌లో స్థానిక జాతులవాళ్లు చేరి దాన్ని దుఃఖదినంగా పాటిస్తున్నారు. ఇది చదివిన రోజు నాకు గీతకి అవతల గోనెసంచితో నిలబడ్డ మా కోతవాళ్లు గుర్తొచ్చారు. పంట నిలబెట్టినవాళ్లని చివర్లో నిలబెట్టడం ఒక్క మా ఊరి పద్ధతి కాదన్నమాట. ఎక్కడ జరిగినా అది తప్పే.

కెనడాలో ఇదే పండగ అక్టోబరు రెండో సోమవారం, అక్కడ చలి ముందొస్తుంది కాబట్టి పంట ముందే కోసేసుకుంటారు. మలేషియాలో సబా రాష్ట్రంవాళ్లు వరి పండగ కామాతాన్ మే నెలాఖరులో చేసుకుంటారు. జర్మనీలో అక్టోబరు మొదటి ఆదివారం. ఎవరి వాన వాళ్లది, ఎవరి కోత వాళ్లది. మరి మార్చిలో కోసుకునే మాకు జనవరిలో పంట పండగ అని పాఠంలో ఎందుకు చెప్పారో, మా పిల్లలకి కూడా అదే చెప్తున్నారు.

ఇప్పుడు కళ్లం లేదు. నేను శ్రీసిటీలో చేరే నాటికే కోత మిషన్లు వచ్చేశాయి, ఎక్కువ తమిళనాడు నుంచి వస్తాయి. గంటలో ఎకరం అయిపోతుంది, వడ్లు చేలోంచే ట్రాక్టరులోకి, అక్కడినుంచి రోడ్డు మీద ఆరబోతకో, తేమ చూసి నేరుగా మిల్లుకో. రాశి లేదు, కొలత లేదు, గడ్డి కూడా ముక్కలైపోతుంది, వామి వేసేవాళ్లు తక్కువ. మిషన్ వద్దని నేననను, నడుం వంచి కోసిన ఆడవాళ్ల నడుములు నేను చూశాను, మందు రాసింది కూడా చూశాను. మా పొలం కౌలుకిచ్చాం, నాయన పోయాక. అమ్మ మాత్రం కోత రోజు చేనుకి పోతుంది. మిషన్ డ్రైవరు తమిళ కుర్రాడికి చేపల పులుసు క్యారేజీ తీసుకెళ్లి, మిషన్లోంచి పడ్డ మొదటి వడ్లు ఒక డబ్బాడు పట్టి గుడికి పక్కన పెట్టి, ఇంకో డబ్బా ఆ పిల్లాడికే ఇస్తుంది. అతను ఆ వడ్లు ఏం చేసుకుంటాడో, తీసుకుని కళ్లకద్దుకున్నాడని మాత్రం చెప్పింది.

ఈసారి తమ్ముడు సంక్రాంతికి రావడం లేదు. పిల్లలకి అక్కడ స్కూళ్లకి మార్చిలో వారం సెలవులొస్తాయి, అప్పుడొస్తానన్నాడు, మన కోత టైముకి. చేను ఒక మూల కొంచెం మిషన్‌తో కోయించకుండా వదిలితే పిల్లలకి కొడవలితో కోసి, చిన్న కళ్లం చేసి, కొలత ఎలా ఉంటుందో చూపిద్దామని వాడి ఆలోచన. పాత కుంచం అటక మీద ఉంది, కిందికి దించి తుడిచి పెట్టాం. ఇప్పుడు మేర ఎవరెవరికివ్వాలో అమ్మ అప్పుడే లెక్కేస్తోంది, ఆశా వర్కరు, కరెంటు లైన్‌మన్, నాయనకి ఆఖరి రోజుల్లో సాయంగా ఉన్న నర్సమ్మ, ఐదో క్లాసు నాతో చదివిన నా ఫ్రెండ్ కూతురే ఆ నర్సమ్మ. కౌలు చేసే అబ్బాయికి ఫోన్ చేసి అడిగాను. "అట్నే అక్కా, చెరువు వైపు మూల వదిలేస్తాలే. అయితే ముందే చెప్తున్నా, అకాల వానేదన్నా పట్టిందంటే మాత్రం ఆ మూల కూడా మిషన్ ఎక్కించేస్తా, ఏమనుకోబాకండి" అన్నాడు. అట్నే కానీ అన్నాను.